ప్లాస్మా కట్టర్‌కు బయటి మాల్ టిప్పులు: ఎంచుకోవడం, బిగించడం ఎలా?

ప్లాస్మా కట్టర్ కొన్న కొత్తలో ఖర్చంతా మెషీన్‌దే అనిపిస్తుంది. పని పెరిగేకొద్దీ జేబుకు చిల్లు పెట్టేది మాత్రం టార్చ్ కొనలో ఉండే చిన్న సామానే: ఎలక్ట్రోడ్, టిప్, గాలిని సుడి తిప్పే స్విర్ల్ రింగ్, పైన బిగించే కప్పు. కంపెనీ మాల్ కంటే రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికే బయటి మాల్ బాగా చవక. గేట్లు, గ్రిల్స్, లారీ బాడీలు చేసుకునే చిన్న షాపులకు ఆ తేడా చిన్నది కాదు. అందుకే బయటి మాల్ వాడమనే నేనూ చెబుతాను. అయితే చూసి కొనాలి, పరీక్షించి వాడాలి.

ముందుగా మీ టార్చ్ పేరు తెలుసుకోండి. మెషీన్ పేరు వేరు, టార్చ్ పేరు వేరు. కట్-40 రకం మెషీన్లకు తరచూ పీటీ-31 టార్చ్, పెద్దవాటికి ఏజీ-60, పీ-80 వస్తుంటాయి. కానీ ఒకే పేరుతో అమ్మే రెండు మెషీన్లకు వేర్వేరు టార్చ్‌లు ఉండొచ్చు. మాన్యువల్ చూడండి, లేదా పాత సెట్టు మొత్తం విప్పి షాపుకు పట్టుకెళ్లండి. ఆర్క్ ఎలా పుడుతుందో కూడా తెలిసి ఉండాలి. కొన్ని టార్చ్‌లలో హై ఫ్రీక్వెన్సీతో పుడుతుంది, కొన్నిటిలో గాలి ఒత్తిడికి ఎలక్ట్రోడ్ వెనక్కి జరిగి పుడుతుంది. ఒకదాని ఎలక్ట్రోడ్ రెండోదానికి పనికిరాదు. వారంటీ నడుస్తుంటే దాని షరతులు చదివాకే బయటి మాల్ జోలికి వెళ్లండి.

తర్వాత ఆంపియర్లు. టిప్ బెజ్జం సైజు కరెంటును బట్టి ఉంటుంది. పీ-80 టిప్పులు 1.1, 1.3, 1.5 మి.మీ. ఇలా దొరుకుతాయి. 40 ఆంపియర్ల టిప్‌తో 60లో కోస్తే ఆర్క్ బెజ్జం అంచునే తినేస్తుంది. తప్పు అక్కడ మాల్‌ది కాదు.

కొనేటప్పుడు ఎక్కువసేపు చూడాల్సింది ఎలక్ట్రోడ్‌నే. రాగి కడ్డీ కొన మధ్యలో బూడిద రంగు చుక్క కనిపిస్తుంది. అది హాఫ్నియం. గాలితో నడిచే ప్లాస్మాలో ఆర్క్‌ను మోసేది ఆ చుక్కే. హాఫ్నియం 2,200 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. ఖరీదైనది కాబట్టి నాసిరకం తయారీలో మొదట కోత పడేది దీనికే. చుక్క సరిగ్గా మధ్యలో ఉందా, చుట్టూ సందు లేకుండా రాగితో కలిసిపోయిందా చూడండి. టిప్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బెజ్జం గుండ్రంగా, నడిమధ్యన కనబడాలి. పక్కకు జరిగినా, లోపల బర్ ఉన్నా వద్దనండి. పేరున్న కంపెనీ లోగోతో, నమ్మలేనంత చవకగా వచ్చేది నకిలీ అయి ఉండొచ్చు. సొంత పేరు వేసుకుని అమ్మేవాళ్ల దగ్గర కొనడమే మేలు. టిప్పులు, ఎలక్ట్రోడ్‌లు బయటివి వాడినా స్విర్ల్ రింగ్ మాత్రం ఒరిజినలే ఉంచమంటాను. అది చాలాకాలం వస్తుంది, అందులోని సన్న రంధ్రాల్లో తేడా వస్తే కోత మొత్తం చెడుతుంది.

మొదటిసారి ఒక్క సెట్టే కొనండి.

బిగించే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. టార్చ్ కొనకు 200 వోల్టులకు పైగా డీసీ వస్తుంది, చాలా చవక టార్చ్‌లలో కప్పు విప్పితే దానంతటదే ఆగే ఏర్పాటు ఉండదు. చల్లారాక పాతవి తీసి, ఎలక్ట్రోడ్, టిప్ రెండూ కలిపే మార్చండి. మరలు తేలిగ్గా తిరగాలి, టిప్ ఊగకూడదు. కప్పు చేత్తో బిగిస్తే చాలు, పానా పెట్టొద్దు.

కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేయండి, వానాకాలంలో అయితే రోజూ. తడి గాలి, నూనె గాలి ఒరిజినల్ టిప్‌ను కూడా బతకనివ్వవు. గాలి పారుతుండగానే మాన్యువల్ చెప్పిన ఒత్తిడి పెట్టండి.

ఇప్పుడు పరీక్ష. 40–60 ఆంపియర్లకు కనీసం 6వ నంబరు షేడ్ పెట్టుకుని, 6 మి.మీ. ఎమ్మెస్ ప్లేటు మీద ఒరిజినల్ సెట్టుతో ఒక గీత, అదే కరెంటు, అదే వేగంతో కొత్త సెట్టుతో పక్కనే మరో గీత కోయండి. ప్లేటు మధ్యలో కాకుండా అంచు నుంచి మొదలుపెట్టండి. సుడి గాలి వల్ల కోతకు ఒక పక్క నిటారుగా, రెండో పక్క కాస్త వాలుగా రావడం మామూలే. ఒరిజినల్ కంటే వాలు ఎక్కువైనా, అడుగున స్లాగ్ ఎక్కువ పట్టినా ఆ మాల్ వదిలేయండి. ఆర్క్‌లో ఆకుపచ్చ మెరుపు కనిపిస్తే వెంటనే ఆపండి. హాఫ్నియం అయిపోయి రాగి కాలుతోందని దానర్థం, ఇంకాస్త లాగితే టార్చ్ తలే పోతుంది.

నచ్చితే లెక్క పెట్టండి. ఎలక్ట్రోడ్ అరుగుదల గంటల కంటే ఎన్నిసార్లు ఆర్క్ వెలిగి ఆరిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఒక్కో సెట్టు ఎన్ని స్టార్టులు ఇచ్చిందో గోడ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ధరను ఆ సంఖ్యతో భాగించండి. చుక్క దగ్గర గుంట సుమారు 1.6 మి.మీ. లోతుకు చేరితే, లేదా టిప్ బెజ్జం కోలగా మారితే ఆ సెట్టు పని అయిపోయినట్టే. స్టార్టుకు పడే ఖర్చు ఒరిజినల్ కంటే తక్కువ తేలితే అదే షాపులో, అదే పేరుతో పెట్టె కొనండి. ప్రతి కొత్త పెట్టెలోంచి మాత్రం ఒకటి తీసి మళ్లీ పరీక్షించండి.