ఒకే ఆల్బంని రెండుసార్లు అమ్మకు

చి. అమ్మలుకు,

మాంచెస్టర్‌లో అప్పుడే చలి మొదలైందని మీ అమ్మ చెప్పింది. ఒంట్లో జాగ్రత్త.

నువ్వు పంపిన ప్రణాళిక ఒకటికి రెండుసార్లు చదివాను. గర్ల్స్ అలౌడ్ మొదటి ఆల్బం 'సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్'ని మళ్ళీ మొదటినుంచి విడుదల చేయాల్సి వస్తే ఎలా చేస్తావో రాశావు. సంగీత వ్యాపారం చదువుకునే పిల్లకి ఇంతకంటే మంచి కసరత్తు లేదు. హైదరాబాద్‌లో ఆడియో కంపెనీ గుమాస్తాగా చేరి విడుదల తేదీలు నిర్ణయించే దాకా వచ్చినదాన్ని కాబట్టి నాకు తోచింది నిర్మొహమాటంగా చెబుతున్నాను. మన దగ్గర పాటల విడుదలంటే సినిమా వెనకాల నడిచే పని. అక్కడ ఆల్బం తన కాళ్ళ మీద తనే నిలబడాలి. అందుకే తేదీకి అంత బరువు.

ముందు జరిగినదేమిటో వరసగా పెట్టుకుందాం. 2002లో బ్రిటన్ టీవీ ఛానెల్ ఐటీవీ 'పాప్‌స్టార్స్: ది రైవల్స్' అనే పోటీ నడిపింది. అబ్బాయిల జట్టు ఒకటి, అమ్మాయిల జట్టు ఒకటి, క్రిస్మస్ నాటికి అమ్మకాల పట్టికలో మొదటి స్థానం ఎవరిదన్నదే పందెం. నవంబరు 30న షెరిల్ ట్వీడీ, నదీన్ కాయిల్, సారా హార్డింగ్, నికోలా రాబర్ట్స్, కింబర్లీ వాల్ష్ గర్ల్స్ అలౌడ్ అనే జట్టయ్యారు. డిసెంబరు 16న రెండు జట్ల సింగిల్స్ ఒకేరోజు దుకాణాలకు వచ్చాయి. అమ్మాయిలు గెలిచారు. వాళ్ళ పాట 'సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్' నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ తర్వాత ఐదు నెలలు కొత్త రికార్డే లేదు. 2003 మే 12న 'నో గుడ్ అడ్వైస్' సింగిల్, రెండు వారాలు తిరిగేసరికి మే 26న ఆల్బం. రెండూ రెండో స్థానం దగ్గర ఆగాయి. ఆగస్టు 18న 'లైఫ్ గాట్ కోల్డ్' మూడో స్థానానికి వెళ్ళింది. నవంబరు 17న 'జంప్' సింగిల్‌తో పాటు, అదే ఆల్బం కొత్త అట్టతో, అదనపు పాటలతో మళ్ళీ వచ్చింది.

నువ్వు ఆల్బంని 2003 జనవరికి జరిపావు. మూడో సింగిల్‌గా 'లవ్ మెషీన్' పెట్టావు. ఈ రెండూ నేను ఒప్పుకోను.

'లవ్ మెషీన్' 2004లో వచ్చిన పాట. 2003 ఆల్బంకి దాన్ని తెచ్చిపెట్టడం రేపటి జీతంతో నిన్నటి అప్పు తీర్చినట్టు. ఆనాడు కంపెనీ గదిలో కూర్చున్నవాళ్ళ చేతిలో ఏముందో, దానితోనే ఇంకా బాగా చేయగలిగేవారా అన్నదే ప్రశ్న. అభిమాని ఏ పాటనైనా కోరుకోవచ్చు. ప్రణాళిక రాసేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

ఇక జనవరి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని నీ ఆలోచన. కానీ జనవరి మొదటికి ఆ జట్టు పుట్టి నెలే. నికోలాకీ నదీన్‌కీ పదిహేడేళ్ళు. 'రైవల్స్'కి ముందు ఏడాది 'పాప్‌స్టార్స్' పోటీ నుంచి వచ్చిన హియర్‌సే జట్టు సంగతి చూడు. 2001 మార్చిలో మొదటి సింగిల్, ఆ నెలలోనే ఆల్బం, రెండూ మొదటి స్థానం. 2002 అక్టోబరుకి జట్టే విడిపోయింది. టీవీ వేడి మీద అమ్మిన సరుకు ఆ వేడి ఉన్నంతసేపే అమ్ముడవుతుంది.

ఇప్పుడు పాట దగ్గరికి రా. నీ ప్రణాళికలో తేదీలున్నాయి, స్థానాలున్నాయి, పాట ఎలా వినిపిస్తుందన్నది ఒక్క ముక్క లేదు. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్' మళ్ళీ విను. అరవైల నాటి సర్ఫ్ సంగీతంలో వినిపించే మొరటు గిటార్, కింద డ్రమ్ అండ్ బాస్ పరుగు. ఆ రెండూ కలిసిన చోట అమ్మాయిల గొంతులు నిబ్బరంగా, కాస్త తెగింపుగా నడుస్తాయి. 2002లోనే 'పాప్ ఐడల్' టీవీ పోటీ గెలిచిన విల్ యంగ్ మొదటి సింగిల్ నెమ్మదైన ప్రేమపాట. పోటీ గెలిచినవాళ్ళకి అలాంటి పాటే ఇవ్వడం అప్పటి రివాజు. ఈ ఐదుగురికీ దానికి పూర్తిగా విరుద్ధమైన పాట దొరికింది. బ్రయన్ హిగ్గిన్స్, మిరాండా కూపర్‌ల జెనోమానియా బృందం తయారు చేసిన పాట అది.

వాళ్ళ అసలు ఆస్తి టీవీ పేరు కాదు, ఆ ధ్వని. ఆల్బం దాన్ని చివరిదాకా నిలబెట్టలేకపోయింది. జెనోమానియా పాటలు కొన్నే. మిగతావి వేరు వేరు రచయితలు, నిర్మాతల చేతుల నుంచి వచ్చాయి. వింటుంటే ఒక పాట ఈ జట్టుదే అనిపిస్తుంది, తర్వాతిది ఆ రోజుల్లో ఏ జట్టు పాడినా సరిపోయేదిగా ఉంటుంది. రెండో ఆల్బం 'వాట్ విల్ ది నైబర్స్ సే?' మొత్తం జెనోమానియా చేతికే ఇచ్చారు. 2004 నవంబరులో వచ్చిన ఆ ఆల్బం ఆరో స్థానం దాకే వెళ్ళింది. అయినా గర్ల్స్ అలౌడ్ అంటే ఏమిటో జనానికి తెలిసింది దాంతోనే. స్థానాల పట్టిక చూసి ఆల్బం విలువ కట్టకూడదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నేనైతే ఏం చేసేదాన్నో చెబుతాను. డిసెంబరు సింగిల్‌ని ముట్టుకోను. మేలో 'నో గుడ్ అడ్వైస్' రానిస్తాను, వెనకే ఆల్బం తోసెయ్యను. ఆ పాటని తన దారిన కొన్నాళ్ళు బతకనిస్తాను. మొదటి సింగిల్ అదృష్టవశాత్తూ తగల్లేదని రుజువు చేసేది రెండో సింగిలే. వేసవంతా జెనోమానియా దగ్గర కూర్చోబెట్టి, ఆల్బంలో అతకని పాటల స్థానంలో కొత్తవి రాయిస్తాను. ఆగస్టులో 'లైఫ్ గాట్ కోల్డ్' నెమ్మదైన పాట కాబట్టి వాళ్ళ రెండో ముఖం చూపిస్తుంది. అది ఆల్బంకి తలుపు తీయాలి. సెప్టెంబరు చివర్లో ఆల్బం. క్రిస్మస్ అమ్మకాల కోసం పెద్ద పేర్లన్నీ అక్టోబరు, నవంబరుల్లో దిగుతాయి. వాటికి ముందే దుకాణంలో చోటు దొరుకుతుంది. పాటలు పదో పదకొండో చాలు. స్పైస్ గర్ల్స్ మొదటి ఆల్బం 'స్పైస్'లో ఉన్నవి పదే. ఎవరూ తక్కువని ఫిర్యాదు చేయలేదు.

ఇక 'జంప్'. 'లవ్ యాక్చువల్లీ' సినిమా కోసం చేసిన పాట, అసలు పాయింటర్ సిస్టర్స్‌ది. వీడియోలో హ్యూ గ్రాంట్ దృశ్యాలు కలిపి, అమ్మాయిలు ప్రధానమంత్రి ఇంట్లో దూరినట్టు చూపించారు. సినిమా వచ్చే వారంలోనే పాట రావడం సరైన పనే. దాన్ని అడ్డం పెట్టుకుని ఆల్బంని మళ్ళీ అచ్చేయడమే నాకు నచ్చలేదు. మేలో చేతి ఖర్చులు దాచుకుని సీడీ కొన్న పిల్లని, ఆర్నెల్లు తిరక్కుండానే రెండు మూడు పాటల కోసం మళ్ళీ డబ్బులు పెట్టమన్నారు. తర్వాతి ఏడాది అదే 'జంప్' రెండో ఆల్బంలో కూడా చేరింది! దాని చోటు అక్కడే అని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది. నా వరసలో అది సినిమా పాటగా వచ్చి, రెండో ఆల్బంలో కుదురుకుంటుంది. కొన్నవాళ్ళకి అన్యాయం జరగదు.

సెప్టెంబరు దాకా ఆగితే జనం మరచిపోరా అని నువ్వు అడుగుతావు. ఆ భయం న్యాయమైనదే. వాళ్ళతో పోటీ పడిన అబ్బాయిల జట్టు వన్ ట్రూ వాయిస్ ఒక్క ఆల్బం కూడా తీయకుండానే 2003లో విడిపోయింది. అందుకే ఆల్బంని ఆపాలి కానీ పాటని ఆపకూడదంటున్నాను. డిసెంబరు, మే, ఆగస్టు, నవంబరు: ఈ నాలుగు సింగిల్స్ జరిగిన చరిత్రలో ఉన్నవే. ఒక్క తేదీ మార్చలేదు. జరిపింది ఆల్బంని ఒక్కదాన్నే.

ఆల్బం విడుదల చేసిన పాలిడోర్ కంపెనీ చేసింది ఘోరమని నేననను. ఆ ఆల్బం బాగా అమ్ముడైంది, ఆ జట్టు మొదటి ఇరవై సింగిల్స్ వరసగా తొలి పదిలోకి వెళ్ళాయి. 2021లో సారా హార్డింగ్ క్యాన్సర్‌తో 39 ఏళ్ళకే చనిపోయింది. మిగిలిన నలుగురూ 2024లో ఆమెని తలుచుకుంటూ మళ్ళీ వేదికలెక్కారు. టీవీ పోటీలో పుట్టిన జట్టుకి ఇరవై ఏళ్ళు దాటిన ఆయుష్షు చిన్నది కాదు. ఆ ఆయుష్షుకి మొదటి ఆల్బం ఇంకా గట్టి పునాది కాగలిగేది. నా మాట అంతే.

రేపు నువ్వు ఏ కంపెనీలోనో కుర్చీలో కూర్చుంటావు. ఎవరో ఐదుగురు పిల్లల మొదటి ఆల్బం నీ బల్ల మీదకి వస్తుంది. టీవీ వాళ్ళ క్యాలెండర్‌, ఈ మూడు నెలల లెక్క చూపించి తొందరపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆల్బం సిద్ధమైందా, ఇది వీళ్ళే పాడగలిగేదా, కొన్నవాళ్ళు మోసపోకుండా ఉంటారా అని అడిగేవాళ్ళు ఒక్కరూ ఉండరు. నువ్వు అడుగు. జవాబు లేదంటే తేదీ జరపమని రాతపూర్వకంగా చెప్పు.

నీ ప్రణాళిక మళ్ళీ రాసి పంపు. ఈసారి రేపటి పాటలు తీసెయ్యి, ప్రతి పాట కిందా అది ఎలా వినిపిస్తుందో రెండు వాక్యాలు రాయి. నా వరసలో తప్పు కనిపిస్తే మొహమాటపడకు, వాదించు. పరీక్షలయ్యాక అయినా సరే, తప్పకుండా రాయి.

ప్రేమతో,
అత్తయ్య