మనస్సాక్షి ఎవరిది?

పాఠ్యభాగము: రోమా 14వ అధ్యాయము



గర్భస్రావము మాట వస్తే "అది ఆమె సొంత విషయము" అనేవారున్నారు. యుద్ధము మాట వస్తే "అది ప్రభుత్వము చూచుకుంటుంది" అనేవారూ ఉన్నారు. పౌలు ఈ అధ్యాయములో ఎవరి నిశ్చయము వారికి విడిచినది తిండి, దినముల సంగతి. ప్రాణముల సంగతి కాదు.

అమెరికా సెనేటరు మార్క్ హాట్‌ఫీల్డ్ బాప్టిస్టు. 1945లో బాంబు పడిన కొద్ది వారములకే నౌకాదళ అధికారిగా హిరోషిమాను కళ్లారా చూచారు. 1970లో వియత్నాం నుండి సేనలను రప్పించుటకు మెక్‌గవర్న్‌తో కలిసి తెచ్చిన సవరణ 55–39 ఓట్లతో వీగిపోయింది. 1991లో గల్ఫ్ యుద్ధానికీ ఓటు వేయలేదు. గర్భస్రావమును, మరణశిక్షను కూడా వ్యతిరేకించారు. ఏ పక్షమువారికీ పూర్తిగా నచ్చలేదు. అయినా ఒరెగాన్ ప్రజలు 5 సార్లు సెనేటుకు పంపారు.

అందరూ ఆయనతో ఏకీభవించాలని మేము అనము. తల్లి ప్రాణమే అపాయములో ఉన్నప్పుడు ఏమి చేయాలన్నదానిపై మాలోనే ఒక మాట లేదు.

అయితే మన ఇండ్ల సంగతి వేరు. 1971 చట్టము 18 ఏండ్లు నిండిన స్త్రీ సమ్మతినే అడుగుతుంది, భర్త సంతకము కాదు. గర్భములో ఆడపిల్లో మగపిల్లవాడో చెప్పుటను 1994 చట్టము నిషేధించింది. అయినా "మా కోడలి ఇష్టమేనండి" అని అత్తగారు చెప్పుచుండగా, ఆ కోడలు తల వంచుకొని కూర్చొనుట మేము చూచాము. ఆమెను ఒంటరిగా పిలిచి అడిగినవారెవరు? మేమూ అడగలేదు.

స్త్రీల సమాజములో ఈ పాఠము చదివే రోజున కోడండ్రను ముందు మాట్లాడనివ్వండి.