అమ్మ పోలిక వచ్చినంత మాత్రాన

తెనాలి

చిరంజీవి మేనకోడలు పిల్లకి,

నీ ఉత్తరం అందింది. ‘తమ్ముడికి ఎలాగూ కొలెస్ట్రాల్ జబ్బు బయటపడింది, నాది అంతా అమ్మ పోలిక, పైగా రోజూ పరుగెత్తుతున్నాను, నాకెందుకత్తయ్యా ఆ కొలెస్ట్రాల్ పరీక్ష’ అన్నావు. చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు.

పోలిక వేరు, ఈ జబ్బు వేరు తల్లీ. నీ ముక్కునూ రంగునూ ఎన్నో జన్యువులు కలిసి తేలుస్తాయి. మన ఇంటి కొలెస్ట్రాల్‌ని తేల్చేది 19వ క్రోమోజోము మీది ఒకే ఒక్క జన్యువు. మీ నాన్న దగ్గరున్న రెండు ప్రతుల్లో చెడ్డది నీకు వచ్చి ఉండే అవకాశం సరిగ్గా సగం. తమ్ముడికి వచ్చింది కదాని నీ వంతు తగ్గదు. ప్రతి కాన్పుకీ ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒకవేళ నీకు రాకపోతే నీ పిల్లలకు నీ నుంచి రాదు, తరం దాటి వచ్చే రకం కాదిది.

బీఎస్సీలో మా జువాలజీ మాస్టారు పీటీసీ అనే రసాయనం రాసిన కాగితం ముక్కలు నాలుక మీద పెట్టుకోమన్నారు. నాకు భరించలేనంత చేదు, పక్క బెంచీ అమ్మాయికి ఒట్టి కాగితం. చేదు తెలిపే జన్యు ప్రతి ఒకటున్నా చాలు, చేదు తెలుస్తుందని చెప్పి మెండెల్ బఠాణీల్లోకి దిగారు. గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. ఆ అంకెలు ఇప్పటికీ నోటికి వస్తాయి. మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చి అందరి నాలుకల మీదా పెట్టాను. మీ నాన్న అప్పటికి నిక్కర్లేసుకునే పిల్లాడు. థూ అని ఉమ్మేసి బెల్లం డబ్బా దగ్గరికి పరుగెత్తాడు. మా నాన్న అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని నవ్వుతున్నారు. ఆయన మడమల వెనుక స్నాయువులు బొద్దుగా ఉబ్బి, కనురెప్పల మూలల్లో పసుపు మచ్చలు ఉండేవి. మడమల వాపును చెప్పుల ఒరిపిడి అనేవారు ఊళ్లో. అదంతా పేరుకున్న కొలెస్ట్రాల్. తర్వాతి సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఒక ప్రతి బాగానే ఉండగా జబ్బెందుకు రావాలి? డాలస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు 1970లలో దీన్ని తేల్చారు, 1985లో నోబెల్ వచ్చింది. రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ని కణాల్లోకి లాక్కునే గ్రాహకాలు ఈ జబ్బున్నవాళ్లలో సగమే పనిచేస్తాయి. పేటకి రెండు చెత్తబండ్లు రావలసిన చోట ఒక్కటే వస్తే ఎలా ఉంటుందో అలాగే, పుట్టిన రోజు నుంచీ పేరుకుంటూ పోతుంది. పరుగు మంచిదే, మానకు. కానీ లేని గ్రాహకాలను పరుగు తెచ్చిపెట్టదు. మందు వాడని మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 ఏళ్లలోపే గుండెజబ్బు వస్తుంది, ఆడవాళ్లలో 60 లోపు సుమారు 30 శాతానికి.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట. మీ అమ్మ ఫోన్లో మా చిన్నాడితో నీ పెళ్లి ప్రస్తావన తెచ్చింది. నువ్వు నా ఇంటి కోడలివైతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. నీ పురిటి స్నానం నా చేతులతోనే పోశాను. కానీ నాకున్న జన్యువే వాడికీ వచ్చింది. నీకూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు చెడ్డ ప్రతులూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. బఠాణీకి గుండ్రటి ప్రతి ఒకటున్నా రెండున్నా గింజ ఒకేలా గుండ్రంగా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. రెండు చెడ్డ ప్రతులున్న పసివాళ్లకు చిన్నతనంలోనే చర్మం మీద పసుపు గడ్డలు లేస్తాయి, 20 ఏళ్లు నిండకుండానే గుండెపోటు రావచ్చు. అందుకే నీ రిపోర్టు చూడకుండా తాంబూలాలు పుచ్చుకోను, ఎవరు ఎన్ని అన్నా సరే. బయటి సంబంధం చేసుకున్నా పరీక్ష తప్పదు, నీకుంటే బిడ్డకి సగం అవకాశం ఉండనే ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు స్టాటిన్ మాత్రలు సాధారణంగా ఆపుతారు, కాబట్టి పెళ్లికి ముందే తెలియడం మేలు.

భయపడకు బంగారం. రోజూ మాత్ర వేసుకుంటూ నేను మనవళ్లని ఎత్తుకుంటున్నాను. చిన్న వయసులో మొదలుపెడితే ఈ జబ్బు చాలావరకు అదుపులో ఉంటుంది.

ఈ వారంలోనే లిపిడ్ ప్రొఫైల్ చేయించుకో. ఎల్‌డీఎల్ 190 దాటితే ఆలస్యం చేయకుండా గుండె డాక్టరును కలిసి మన ఇంటి చరిత్ర అంతా చెప్పు. తక్కువున్నా ఆ కాగితం ఫొటో నాకు పంపించు.

ప్రేమతో,
అత్తయ్య