గోడలో దాగిన తీగ - పంచాయతీ జాగ్రత్త

1975-76లో ఉపగ్రహ ప్రసార ప్రయోగము ద్వారా కొన్ని తెలుగు పల్లెలకు సామూహిక టెలివిజన్ వచ్చినది. నాటి బరువైన పెట్టెకు బదులు నేడు పలుచని టెలివిజన్‌ను గోడకే బిగించుచున్నారు. కొత్తగూడెం పరిసర గ్రామముల పంచాయతీ కార్యాలయములలో దీని నమర్చునపుడు సభ్యులు గమనింపవలసిన విషయములను తెలుపుచున్నాము.

టెలివిజన్‌తో వచ్చిన తీగను గోడలో పూడ్చి సిమెంటు పూయరాదు. అది బయట వ్రేలాడుటకై చేయబడినది. అటవీ ప్రాంతపు వానలకు గోడ చెమ్మగిల్లినపుడు, తొడుగు చెడిన తీగనుండి విద్యుత్తు గోడకు ప్రాకవచ్చును. పూడ్చిన తీగను మార్చుటకును వీలుండదు.

సరియైన పద్ధతి యిది. లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ ఆపి, గోడలో పి.వి.సి. గొట్టమును నిలువుగా అమర్చవలెను. అందులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు మూడు - ఫేజు, న్యూట్రల్, ఎర్తు - లాగవలెను. సాకెట్ టెలివిజన్ వెనుకను, స్విచ్ చేతికందు ఎత్తునను ఉండవలెను. డిష్ తీగకు వేరొక గొట్టము అవసరము. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడ అమర్చినచో, విద్యుత్తు లీకైన వెంటనే సరఫరా ఆగిపోవును. ఉరుములు ప్రారంభము కాకమునుపే ప్లగ్గును, డిష్ తీగను తీసివేయుట మంచిది.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. దాచిన తీగ కంటికి కానరాదు. కొన్నేండ్లకు క్యాలెండరు తగిలించుటకై మేకు కొట్టు బంట్రోతునకు ఆ దారి తెలియదు. కావున ప్లాస్టరింగు పూర్తికాకముందే గొట్టము దారిని నేలనుండి, మూలనుండి కొలిపించి, ఆ కొలతలను పంచాయతీ దస్త్రములో చేర్చవలెను. పాలకవర్గములు మారినను ఆ కాగితము నిలిచి, ఒక ప్రాణమును కాపాడగలదు.