నీతి నిర్ణయం - మూడు దృక్పథాలు

తెలిసి, కోరి చేసిన పని ఇతరుల మేలుకో కీడుకో కారణమైనప్పుడు అది ధర్మమా, అధర్మమా అనే విచారణ మొదలవుతుంది. ఈ విచారణకు ఆధారమైన శాస్త్రమే నీతిశాస్త్రం.

గాండీవాన్ని మరొకరికి ఇవ్వమన్నవానిని వధిస్తానన్న తన వ్రతాన్ని చెల్లించుకోవడానికి అర్జునుడు ధర్మరాజుపైనే కత్తి దూశాడు. అప్పుడు శ్రీకృష్ణుడు అతనిని వారించి కౌశికుని కథ చెప్పాడు. ఇది మహాభారతంలోని కర్ణపర్వంలో ఉంది. కౌశికుడు ఎన్నడూ అసత్యమాడనని నియమం పూనిన తాపసుడు. దొంగలకు భయపడి కొందరు అతని సమీపంలోని వనంలో దాగారు. దొంగలు వచ్చి అడుగగా కౌశికుడు ఉన్నమాట చెప్పాడు. వారు హతులయ్యారు. సత్యం పలికిన కౌశికుడు నరకానికి పోయాడు.

అతని తప్పేమిటి? తత్త్వవేత్తలు ఇటువంటి ప్రశ్నను మూడు విధాలుగా పరిశీలించారు.

మొదటిది కర్తవ్య ప్రధానమైనది. మిత్రుని చంపడానికి వచ్చిన హంతకుడు అతని జాడ అడిగినా అబద్ధమాడరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో వాదించాడు. అసత్యం మానవుల మధ్య మాటకున్న విశ్వాసాన్నే చెరుస్తుందని ఆయన భావన. ఈ దృష్టిలో కౌశికుడు నిర్దోషి.

రెండవది ఫల ప్రధానమైనది. బెంథామ్, మిల్ అనే ఆంగ్ల తత్త్వవేత్తలు అధిక సంఖ్యాకుల సుఖమే పనికి కొలబద్ద అన్నారు. ప్రాణాలు తీసిన సత్యం ఇక్కడ దోషమే. అయితే పదిమంది సుఖం కోసం ఒక నిరపరాధిని బలిచేయవచ్చునా అనే చిక్కు ఈ మార్గాన్ని వెంటాడుతుంది.

మూడవది శీల ప్రధానమైనది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ సద్గుణాలకూ, వివేకానికీ ప్రాధాన్యమిచ్చాడు. కౌశికునికి వ్రతంపై ఉన్న పట్టుదల ప్రాణులపై లేదు. మౌనం వహించే వీలుంటే మౌనమే మేలని, పలుకక తప్పనప్పుడు ప్రాణరక్షణకై అసత్యమైనా దోషం కాదని శ్రీకృష్ణుడు బోధించాడు.

ఈ కథ అబద్ధానికి అనుమతిపత్రం కాదు. తోటి విద్యార్థిని వేధించిన మిత్రుని పేరు దాచేవాడు తానూ ఒకరిని రక్షిస్తున్నాననే అనుకుంటాడు. కాని అతడు కాపాడేది బాధితుని కాదు, బాధించినవానిని. కనుక నియమమేమిటి, ఫలమేమిటి, నా మనసులోని ఉద్దేశమేమిటి అని మూడు ప్రశ్నలూ వేసుకొన్న తరువాతనే తీర్పునకు పూనుకోవాలి. వాటిలో మూడవదానికి నిజాయితీగా బదులు చెప్పుకోవడమే మిక్కిలి కష్టం.

ప్రశ్నలు
1. కౌశికుని చర్యను మూడు దృక్పథాలతో సమీక్షించండి.
2. నిరపరాధి కోసం ఆడే అసత్యానికీ, అపరాధి కోసం ఆడే అసత్యానికీ గల భేదాన్ని వివరించండి.