చిన్నప్రేగు లోపలి నారుమడి



కొన్ని సంవత్సరముల క్రిందట వానకాలములో ఒక సాయంకాలమున నన్ను ఒక ఇంటికి పిలిచిరి. ఏడాది నిండని బిడ్డ విరేచనములతో తల్లి ఒడిలో వాడిపోయి యుండెను. కన్నులు లోపలికి పోయినవి, నోరు ఎండినది, ఏడ్చినను కన్నీరు రాలేదు. "నీళ్లు పట్టించితివా, అమ్మా?" అని అడిగితిని. "లేదయ్యగారూ, తాగితే తాగినన్నీ పోతాయని మా అత్తమ్మ వద్దంది. పొద్దుటినుంచి పాలు కూడా ఇవ్వలేదు" అని ఆమె ఏడ్చెను. వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోతిమి. బిడ్డ బ్రతికెను.

ఆ అత్తమ్మకు మనుమనిపై ప్రేమ లేకపోలేదు. చిన్నప్రేగు లోపల ఏమి జరుగుచున్నదో ఆమెకు ఎవరును చెప్పలేదు, అంతే. అది చెప్పుటకే ఈ నెల పాఠము.

1. నాలుగు పొరల గోడ

మేక బోటీ శుభ్రము చేసిన స్త్రీలకు ఈ సంగతి కొంత తెలిసియే యుండును. ప్రేగును చీల్చి కడిగినప్పుడు వెలుపలి వైపు నున్నగాను, లోపలి వైపు మఖమలు గుడ్డవలె మెత్తగాను చేతికి తగులును. మనుష్యుని ప్రేగును అట్టిదే. పెద్దవారిలో దాని పొడవు, చనిపోయిన తరువాత కొలిచినచో, సుమారు 6 మీటర్లు. బ్రతికియున్నవారిలో కండరములు బిగువుగా నుండుటచేత అంతకంటె తక్కువగా నుండును.

ప్రేగు గోడను పలుచగా కోసి మైక్రోస్కోపు క్రింద చూచినచో నాలుగు పొరలు కనబడును. అన్నిటికంటె లోపలిది శ్లేష్మపొర. ఆహారము తాకునది ఇదే. దాని క్రింద రక్తనాళములు, నరములు గల మెత్తని పొర ఉన్నది. మూడవది కండరముల పొర. దీనిలో లోపలి కండరములు ప్రేగును ఉంగరమువలె చుట్టియుండును. వెలుపలివి నిలువుగా నుండును. ఈ రెండును వంతులవారీగా బిగిసి వదలుటచేత ఆహారము ముందుకు జరుగును. నాలుగవది, ప్రేగులు ఒకదానిపై ఒకటి జారునట్లు చేయు నున్నని పలుచని పొర.

2. చూషకములు

ఆ మఖమలు మెత్తదనము ఎక్కడనుండి వచ్చెను? శ్లేష్మపొర మొదట అడ్డముగా మడతలు పడియున్నది. ఆ మడతలమీద, వాటి నడుమను, నారుమడిలో మొలకలవలె చిన్న వ్రేళ్లు దట్టముగా నిలిచియుండును. వీటిని చూషకములందురు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు మొదలుకొని ఒక మిల్లీమీటరు ఎత్తు ఉండును. ఒక చదరపు మిల్లీమీటరు చోటులో 20 నుండి 40 వరకు ఉండును. చూషకమును కప్పియున్న కణముల తలలమీద మరల అంతకంటె సన్నని నూగు గలదు. ఒక్కొక్క కణముపై వేలకొలది నూగు పోగులుండును. వాటి ఎత్తు మిల్లీమీటరులో వెయ్యవ వంతు మాత్రమే.

మడత, మడతపై చూషకము, చూషకముపై నూగు. ఇట్లు కొద్ది చోటులోనే ఆహారమును పీల్చు స్థలము ఎంతో పెరిగినది. అది టెన్నిసు ఆట స్థలమంత యుండునని పాత పుస్తకములలో వ్రాసిరి. 2014లో స్వీడను దేశపు పరిశోధకులు జాగ్రత్తగా లెక్కించి, చిన్నప్రేగులో అది సుమారు 30 చదరపు మీటర్లని తేల్చిరి. అదియైనను ఒక పెద్ద గది నేలంత!

ప్రతి చూషకము నడుమ సన్నని రక్తనాళములును, కొవ్వును తీసికొనిపోవు ఒక నాళమును ఉన్నవి. 1622లో ఇటలీ దేశపు వైద్యుడు గాస్పరే అసెల్లి, అప్పుడే మేత తినిన కుక్క కడుపును కోసి చూచినప్పుడు ప్రేగులనుండి పాలవంటి తెల్లని గీతలు బయలుదేరుట కనిపెట్టెను. అవి కొవ్వును మోయు నాళములే. పిండిపదార్థములనుండి వచ్చిన చక్కెరయు, పప్పు, గ్రుడ్డు మొదలగువాటి సారమును రక్తములో కలిసి మొదట కాలేయమునకు పోవును.

3. కొద్దిదినములకే క్రొత్తదగు గోడ

చూషకముల మొదళ్ల నడుమ సన్నని గుంటలున్నవి. 1745లో జర్మను వైద్యుడు లీబర్‌కూన్ వీటిని వర్ణించెను గనుక ఆయన పేరుతో పిలుతురు. ఆ గుంటల అడుగున రెండు రకముల కణములు ముఖ్యమైనవి. ఒక రకము సూక్ష్మక్రిములను చంపు పదార్థములను విడుచుచు కావలి కాయును. రెండవది విత్తన కణము. ఇది ఎడతెగక విభజన చెందుచు క్రొత్త కణములను పుట్టించును. అవి ఒకదాని వెనుక ఒకటి చూషకముపైకి ఎక్కి, పని నేర్చి, కొనకు చేరి రాలిపోవును. ఈ ప్రయాణమంతయు 3 నుండి 5 దినములే. పోయిన ఆదివారము మనకు ఆహారమును పీల్చి ఇచ్చిన కణములలో చాలమట్టుకు ఈ ఆదివారమునకు లేవు.

ఇంత వేగముగా కణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిను కావలెను. 1895లో భీమవరములో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను ప్రేగువ్యాధివలన తన సహోదరులను పోగొట్టుకొనిరి. ఆ వ్యాధిలో చూషకములు పొట్టివై మొద్దుబారిపోవును. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. నేటికిని ఆ వ్యాధికి ఇచ్చు మందులలో అది యొకటి. ఆకుకూరలలోను పప్పుదినుసులలోను అది మనకు దొరకును.

4. విరేచనములలో జరుగునది

1973లో ఆస్ట్రేలియా దేశములోని మెల్బోర్న్‌లో రూత్ బిషప్ అను శాస్త్రవేత్తయు, ఆమె తోటివారును, విరేచనములు గల బిడ్డల చిన్నప్రేగునుండి తీసిన చిన్న ముక్కలను ఎలక్ట్రాను మైక్రోస్కోపుతో పరీక్షించిరి. చూషకములమీది కణములలో చక్రమువంటి వైరసు కనబడెను. దానిని ఇప్పుడు రోటా వైరసు అందురు. అది చూషకపు కొనలలోని కణములను చంపును. నారుమడిలో మొలకల తలలు పశువు మేసినట్లగును.

కలరా వేరు. ఆ క్రిమి చూషకములను కొరికివేయదు. దాని విషము ప్రేగు కణములచేత ఉప్పును నీటిని ఎడతెగక బయటికి పోయించును.

అయితే రెండింటిలోను ఒక తలుపు మూసికొనిపోదు. మిగిలియున్న కణములపై ఉప్పును గ్లూకోజును జోడుగా లోపలికి తీసికొను ద్వారమున్నది. ఆ రెండును ప్రవేశించినప్పుడు నీరు వాటివెంట పోవును. 1960లో ప్రాగ్ నగరములో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి వివరించెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమువలన పారిపోయి వచ్చినవారి శిబిరమున, పశ్చిమ బెంగాలులోని బనగావ్‌లో, కలరా చెలరేగెను. సెలైను సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి సుమారు 30గా నున్న మరణములు నూటికి 4 కంటె తక్కువకు దిగెను.

కాబట్టి "తాగితే తాగినన్నీ పోతాయి" అనుమాట నిజము కాదు. కొంత పోవును, కాని ప్రాణము నిలుపునంత లోపలికి చేరును.

5. మనము చేయవలసినది

ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిమీద వ్రాసిన కొలత ప్రకారము, కాచి చల్లార్చిన నీటిలో కలుపవలెను. పొట్లము దొరకనిచో ఒక లీటరు నీటిలో 6 తలకొట్టు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేయవలెను. ఉప్పు ఎక్కువైన అపాయము. పంచదార ఎక్కువైన విరేచనములు హెచ్చును. చెంచాతో కొంచెము కొంచెముగా ఇయ్యవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి మరల మొదలుపెట్టవలెను. ఒక దినము దాటిన నీటిని పారబోయవలెను.

తల్లిపాలు మానరాదు. అన్నము తినుబిడ్డకు మెత్తని ఆహారము పెట్టవలెను. చూషకపు కణములు తమ బలములో కొంత, ప్రేగులోనికి వచ్చిన ఆహారమునుండియే తీసికొనును. పస్తు పెట్టినచో క్రొత్త మొలకలు ఎదుగవు. జింకు మాత్రలను ఆరోగ్య కార్యకర్త చెప్పినట్లు 14 దినములు ఇయ్యవలెను. విరేచనములు తగ్గినను నడుమ ఆపరాదు. మలములో రక్తము పడినను, బిడ్డ త్రాగలేకపోయినను, మత్తుగా పడియున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రోటా వైరసు టీకా చుక్కలు 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీకాలలో చేరినవి. వీటిని 6, 10, 14 వారముల వయస్సున వేయుదురు.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నాడు. మొన్న వారి వీధిలో మరియొక పసివానికి విరేచనములు పట్టగా, గిన్నెయు చెంచాయు పట్టుకొని మొదట పరుగెత్తినది ఆ అత్తమ్మయే.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. చిన్నప్రేగు గోడలోని నాలుగు పొరలు ఏవి?
2. చూషకపు కణములు ఎన్ని దినములకు మారును? వాటికి ఏమి కావలెను?
3. ఉప్పును పంచదారను కలిపియే ఎందుకు ఇయ్యవలెను?
4. మన వీధిలో ఈ సంగతి ఇంకను తెలియని ఇల్లు ఏది? ఈ వారము అక్కడికి ఎవరు పోవుదురు?