పిల్లల పరిశుభ్రత – కుటుంబ నేపథ్యం

ఉదయం ప్రార్థన కాగానే పిల్లల గోళ్లు చూడటం మా ఉపాధ్యాయుల పాత అలవాటు. గోళ్లు నల్లగా ఉంటే స్కేలుతో ఒక దెబ్బ. నేనూ వేశాను. ఆరో తరగతి అమ్మాయి ఒకతె ప్రతి సోమవారం ఆ దెబ్బ తింటూనే ఉంటే, ఒకనాడు వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒకటే గది, ఏడుగురు మనుషులు. మా నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో లాగే తల్లి బీడీలు చుడుతుంది. బడి నుంచి రాగానే ఈ పిల్ల ఆకు కత్తిరించి ఇస్తుంది. ఆ గోళ్లలో ఉన్నది పొగాకు పొడి! నల్లా వీధి చివర, అదీ రోజు విడిచి రోజు. మోసుకొచ్చిన బిందెలు వంటకు, తాగడానికే సరి. నేను మళ్లీ స్కేలు పట్టలేదు.

అలాగని అంతా పేదరికమే అనలేం. అదే తరగతిలో తోపుడు బండి మీద పండ్లు అమ్మే ఆయన కొడుకు ఉండేవాడు. చొక్కాకు అతుకులున్నా ఉతికిన చొక్కాయే. వాళ్ల నానీ ఫజర్‌కు లేపి, తనతో పాటే పళ్లు తోమించి ఉజూ చేయించేది. మరొకడు కలిగిన ఇంటివాడు. మరుగుదొడ్డి నుంచి వచ్చి నేరుగా టిఫిన్ డబ్బా తెరిచేవాడు. వాడికి ఇంట్లో చెప్పేవాళ్లు ఉన్నారు, పక్కన నిలబడి కడిగించేవాళ్లు లేరు.

"ఉజూ చేస్తాడు కదా మేడమ్, మళ్లీ సబ్బెందుకు?" అని తల్లులు అడుగుతారు. శుభ్రతను రోజుకు ఐదుసార్లు గుర్తుచేసే దీన్ మనది. గోళ్లు తీయడానికి నలభై రోజులు దాటనివ్వొద్దని దైవప్రవక్త (స) గడువు కూడా పెట్టారు. అయితే చేతికి అంటిన జిడ్డూ, దాంతో ఉన్న క్రిములూ వట్టి నీళ్లకు పూర్తిగా పోవు. నులిపురుగుల గుడ్లు గోళ్ల కింద దాగుతాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తాం. అది కడుపులో ఉన్న పురుగులను చంపుతుంది, అంతే. కడగని చేత్తో తింటే మళ్లీ చేరతాయి. పిల్ల నీరసంగా, పాలిపోయి కూర్చుంటే చదువు రాదని మనమే పేరు పెడతాం. మరుగుదొడ్డికి వెళ్లొస్తే ముందు సబ్బు, ఆ తర్వాతే ఉజూ అని చెబితే తల్లులు ఇట్టే అందుకున్నారు.

దాతలు ఏటా నోటుపుస్తకాలు, బ్యాగులు ఇస్తున్నారు, అల్లాహ్ స్వీకరించుగాక. ఈసారి వాటితో పాటు ఇంటికి నెలకు రెండు సబ్బులు, ఒక నెయిల్ కట్టర్, ఒక పేల దువ్వెన ఇవ్వండి. అర్హులైన పేదల చేతికే ఇస్తాం కాబట్టి జకాత్ సొమ్ముతో కొనవచ్చు. బడిలో కట్టే నల్లాలు, ట్యాంకు ఒకరి సొంతం కావు కాబట్టి వాటికి సదఖా సొమ్ము వాడాలి. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) కన్నుమూసిన తల్లి పేరిట బావి తవ్వించిన సంగతి మీకు తెలిసిందే. నల్లాలు మాత్రం పిల్లల ఎత్తులో పెట్టించండి. మా బడిలో ఒకటో తరగతి వాళ్లకు అందవు, దాత పేరున్న పలక మాత్రం బాగా కనిపిస్తుంది! సబ్బు పోతుందని భయమైతే పాత సాక్సులో వేసి నల్లాకు కట్టండి. మేము అలాగే కడుతున్నాం, పదిహేను రోజులు వస్తోంది.